స్క్రూలో మిగిలిన మామిడి సొన

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు ఫోన్‌లో కొడుతోంది. విని, న్యాయం మీరే చెప్పండి.

మా ఆయన మామిడి అంట్లు కట్టిన మడత కత్తి ఒకటి ఉంది. ఆయన పోయాక దాన్నెవరూ ముట్టలేదు. ఈ ఏడాది అంట్లు నేనే కడదామని తీస్తే, స్క్రూ బిగుసుకుపోయి కత్తి తెరుచుకోలేదు. ఈ రోజు బంగారుపాళ్యంలో సైకిల్ షాపుకు తీసుకుపోయాను. షాపతను నూనె పోసి తిప్పి తిప్పి అలసిపోయాడు.

"రాదు అవ్వా. డ్రిల్లు పెట్టి స్క్రూ పగలగొడతా. లేదంటే పాత ఇనుముకి ఎయ్యి."

"నీ సెయ్యి ఇరగ! తుప్పనుకుంటివా? అది మామిడి సొనరా! నూనెకి యాడ కరుగుతాది? గొలుసులు కడిగే కిరసనాయిలు పొయ్యి."

పాపం, తిట్టినా నవ్వుతూనే పోశాడు. కాసేపటికి స్క్రూ కదిలింది, నల్లటి సొన ఊరింది. మా ఆయన చివరిసారి కోసిన కొమ్మ సొన అది. అతను పాత గుడ్డ తీయబోతే ఆపి, నా కొంగుతో తుడిచాను.

"ఆ మరక పోదు అవ్వా!"

"నాకు తెలీదా?" అన్నాను.

మంచి చీర పాడు చేశావని మనవరాలు ఇప్పటికీ గొణుగుతోంది. మీరే చెప్పండి, పాడయిందా?