ఏడో సూది

గల్ఫ్‌లో మఫ్రఖ్ లేబర్ క్యాంపులో దిగేసరికి పొద్దున్న పదిన్నర. కరోనా వచ్చిన ఏడు, మార్చి మొదటి వారం. నాలుగు బ్లాకులు, చుట్టూ నిలువెత్తు గోడ, ఒకటే గేటు. గోడ అవతల ఇసుక, దాని అవతల హైవే. మెస్సు పక్కనున్న రేకుల క్యాబిన్ మా క్లినిక్. రెండు మంచాలు, ఒక ఫ్రిజ్, బీపీ మిషను, గోడకి వాకీటాకీ. నేను సైన్యంలో పదిహేడేళ్ళు నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేసి హవల్దారుగా దిగిపోయినవాణ్ణి. అందులో పదకొండేళ్ళు ఫిరంగుల రెజిమెంటుతోనే గడిచాయి. ఊళ్ళో అందరూ నన్ను సరిహద్దు కబుర్లు అడుగుతారు. మఫ్రఖ్ గురించి ఎవరూ అడగరు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

క్లినిక్ లైసెన్సు సిస్టర్‌ది. కాకినాడ అమ్మాయి. ముప్పై దాటి ఉండవు గానీ కళ్ళతోనే క్రమశిక్షణ నేర్పేది. నేను ఆమెకి సహాయకుణ్ణి. ఆమె నన్ను అన్నయ్యగారూ అనేది, నా రాత బాగాలేదని రోజూ దెప్పేది.

పోశన్న ఏప్రిల్‌లో మా క్లినిక్‌కి వచ్చాడు. నిర్మల్ దగ్గరి పల్లె. క్రేన్ కింద నిలబడి పైనున్న ఆపరేటరుతో వాకీటాకీలో మాట్లాడుతూ లోడు దింపించే సిగ్నల్ మనిషి. ఆ పనికి చెవులే పెట్టుబడి. పైనుంచి వచ్చే ఒక్క మాట తప్పినా కింద మనిషి మిగలడు. అతనికి మూత్రపిండాల్లో ఇన్ఫెక్షన్ వచ్చి రక్తంలోకి పాకింది. ఆసుపత్రిలో ఐదు రోజులు ఉంచుకున్నారు. తర్వాత కరోనా వాళ్ళకి పడక కావాలని, మిగతా కోర్సు క్యాంపులోనే చేయించమని పంపేశారు. పది సూదులు, రోజుకొకటి. ఆ క్రిమికి పనిచేసే మందు అదొక్కటేనట.

ఆ మందుతో ఒక కాగితం కూడా వచ్చింది. రోజూ సూదికి ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. చెవులు మోగుతున్నాయా, వినికిడి తగ్గిందా, తల తిరుగుతోందా, మూత్రం తగ్గిందా. ఏ ఒక్కదానికి అవునన్నా సూది ఆపి డాక్టరుకి ఫోన్ చేయాలి. నాలుగో రోజు రక్తపరీక్ష. ఈ మందు ఒంట్లో పేరుకుంటే చెవి నరాన్ని తినేస్తుందని, పోయింది మళ్ళీ రాదని సిస్టర్ నాకు రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లూ తలూపాను.

మూడో రోజు ఉదయం ఎనిమిదికి సిస్టర్‌కి జ్వరం. పదకొండుకి ఆమెని ఐసొలేషన్‌కి తీసుకుపోయారు. మధ్యాహ్నం గేటు మూసేశారు. వాకీటాకీలో గేటు గార్డు గొంతు పలికింది.

"క్లినిక్, గేట్. అందర్ బాహర్ ఖలాస్. కోయీ నహీ ఆయేగా, కోయీ నహీ జాయేగా."

నేను ఆఫీసుకి ఫోన్ చేశాను. సూదులు వేయడానికి నాకు లైసెన్సు లేదని చెప్పాను. అవతలి ముదీర్, అంటే మా మేనేజరు, నవ్వాడు. సైన్యంలో చేశావు కదా, యల్లా, నువ్వే వెయ్యి అన్నాడు. అంతే, నాకది ఆర్డరు. పదిహేడేళ్ళ అలవాటు. ఆర్డరు వచ్చాక ప్రశ్నలుండవు, కోర్సు మొదలెడితే మధ్యలో ఆపడాలుండవు. నిజం చెప్పాలంటే, మళ్ళీ ఎవరో నన్ను నమ్మి పోస్టు అప్పగించారని లోపల పొంగిపోయాను కూడా.

నాలుగో రోజు రక్తం తీసుకెళ్ళే వ్యాను రాలేదు. ఫోన్ చేస్తే రేపన్నారు. రేపు కూడా రాలేదు. మూడొందల మందికి నేనొక్కణ్ణి, రోజంతా జ్వరాలు చూడటంతోనే సరిపోయింది. ఏడు నుంచి ఏడు దాకా నీలం గౌను, రెండు మాస్కులు, ముఖానికి ప్లాస్టిక్ తెర. లోపల చెమట బూట్లలోకి కారేది.

ఐదో సూది పొద్దున్న ఏడున్నరకి. పోశన్న చొక్కా చెయ్యి మడుస్తూ అన్నాడు.

"సార్, నిన్నటి సంది చెవులల్ల గుయ్యిమంటున్నది."

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఫిరంగుల పక్కన పదకొండేళ్ళు నిలబడ్డవాడికి చెవులు మోగకపోతే విడ్డూరం. నా ఎడమ చెవిలో కీచురాయి లాంటిది ఎప్పుడూ కూస్తూనే ఉంటుంది. మా రెజిమెంటులో అదొక సరదా. చెవులు మోగుతున్నాయని కొత్తవాడెవడైనా సిక్ రిపోర్టుకి వస్తే బ్యారక్ మొత్తం నవ్వేది. నేనే ఎంతమందిని నవ్వి పంపేశానో లెక్కలేదు. పోశన్ననీ అలాగే నవ్వాను.

"ఓస్, నా చెవులు ఇరవయ్యేళ్ళై మోగతన్నాయి. నాకేటైపోనాది?"

అతనూ నవ్వాడు. నేను కాగితం మీద నాలుగు గళ్ళలోనూ 'లేదు' అని రాసి సూది వేశాను. ఆరో రోజు అతను ఆ మాట ఎత్తలేదు. సార్ చెప్పాడు కదా అని ఊరుకున్నాడు. నేనూ అడగలేదు. 'లేదు' అని రాశాను.

ఏడో రోజు అతను ఒక చేత్తో గోడ పట్టుకుని వచ్చాడు. కూర్చోమన్నాను, నిలబడే ఉన్నాడు. చెయ్యి చాపమన్నాను. ఏమన్నవ్ సార్ అన్నాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఏమన్నవ్ అన్నాడు. రెండు మాస్కుల వెనక నా మాట అణిగిపోతోందనుకున్నాను. చెయ్యి లాగి సూది వేశాను.

మధ్యాహ్నం రెండింటికి సిస్టర్ ఫోన్ చేసింది. ఐసొలేషన్‌లో దగ్గుతూనే రోజూ చేసేది. రోజూ అంతా బాగుందనే చెప్పేవాణ్ణి. ఆరోజు మాత్రం తిన్నగా అడిగింది.

"చెవులు మీరు అడిగి రాస్తున్నారా అన్నయ్యగారూ, అడక్కుండా రాస్తున్నారా?"

చెప్పాను. సూది ఆపేయమంది. పాత గళ్ళు కూడా దిద్ది నిజం రాయమంది. డాక్టరుకి తనే ఫోన్ చేసింది. అప్పుడుగానీ వ్యాను రాలేదు. రక్తంలో మందు పేరుకుపోయి ఉంది.

పాత గళ్ళు నేను దిద్దలేదు. ఏడో రోజు కింద మాత్రం 'మోగుతున్నాయి, ఆపాము' అని రాశాను. భయపడ్డాను, అంతే. దానికి వేరే పేరు లేదు.

జ్వరం తగ్గింది, ఇన్ఫెక్షన్ పోయింది. పోశన్న బతికాడు, అది ఆ మందు చలవే. జూన్‌లో గేటు తెరిచాక ఆసుపత్రిలో గాజు గదిలో కూర్చోబెట్టి వినికిడి పరీక్ష చేశారు. వినిపిస్తే బటన్ నొక్కమన్నారు. అతను బటన్ మీద వేలు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. చెవి మిషను పెడితే కొంత ఉపయోగమే గానీ పాత చెవులు రావన్నాడు డాక్టరు. కంపెనీ డాక్టరు నా కాగితం చూశాడు. మోగడం ఏడో రోజు మొదలైంది, ఆరోజే ఆపారు, ఎవరి తప్పూ లేదని తేల్చాడు. చెవులు లేని సిగ్నల్ మనిషి కంపెనీకి ఎందుకు? వీసా రద్దు చేశారు. అదే వారం నాకు కరోనా యోధుడని ప్రశంసాపత్రం ఇచ్చారు. ముదీర్ చప్పట్లు కొట్టించాడు.

అతను వెళ్ళే రోజు బస్సు సాయంత్రం నాలుగుకి. నలభై ఆరు డిగ్రీల ఎండ. ఒక సంచి, తాడుతో చుట్టి కట్టిన ఒక దుప్పటి. నేను గేటు దాకా వెళ్ళాను. ఐదో రోజే చెప్పావు, వినాల్సింది నేను, తప్పు నాది అని అన్నాను. మాస్కు లోపలే అన్నాను. చెవి మిషను ఇంకా రాలేదతనికి, అందరి మూతులూ మూసి ఉన్నాయి, పెదాలు చూసి పోల్చుకునే దారీ లేదు. అది తెలిసే అన్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నేనేదో చెబుతున్నానని మాత్రం అతనికి తెలిసింది. సంచి కింద పెట్టాడు. చెయ్యి చాచి నా మాస్కుని గడ్డం కిందకి లాగాడు. నా నోటి వైపే చూస్తూ, తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియని అరుపుతో అన్నాడు.

"మళ్ళ చెప్పు సార్."

గేటు గార్డు తిరిగి చూశాడు. డ్రైవరు చూశాడు.

"జాగర్తగా ఎల్లు," అన్నాను.

అతను పెదాలు చదివాడు. నవ్వాడు. నా మాస్కు మళ్ళీ పైకి లాగి, రెండు వేళ్ళతో ముక్కు మీద సరిగ్గా సర్ది, బస్సెక్కాడు.

నేను రెండేళ్ళు ఉండి తిరిగొచ్చాను. ప్రశంసాపత్రం ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. ఎడమ చెవిలో కీచురాయి ఇప్పటికీ కూస్తోంది. ముక్కు మీద ఆ రెండు వేళ్ళు మాస్కు సర్దుతూనే ఉంటాయి.