దయ్యానికి అద్దె ఇల్లు

మా వదిన పోయింది. పోయిన వారం తెల్లవారుతూనే అన్నయ్య ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి "రారా" అన్నాడు, అంతే. డయాలసిస్ ఉన్న రోజుల్లో ఆసుపత్రిలో ఆమె పక్కన కూర్చుని పుస్తకం చదివి వినిపించడం ఇన్నాళ్ళూ నా ఉద్యోగం. ఈ వయసులో ఉద్యోగం ఊడినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఒకే ఇంట్లో వాళ్ళది మేడ మీద వాటా, మాది కింద. నేను బడిలో చదివింది తక్కువ. పాత పుస్తకాలు కొనుక్కొచ్చి తంటాలు పడి నేర్చుకున్నాను. అలాంటివాళ్ళకు లావు పుస్తకమంటే భక్తి. మొదటి రోజు జీవిత పరమార్థం గురించిన లావుపాటిదొకటి పట్టుకెళ్ళాను. రెండు పేజీలు వినిందో లేదో, "ఇది దిండు కింద పెట్టుకునేదానికి బాగుంటాదప్పా" అంది వదిన. "నొప్పి ఎట్లుంటాదో నాకు తెల్సు. పుస్తకంలో వేరే చదవాల్నా? సూదులు గుచ్చుకోమని జబ్బుకి ఈ చెయ్యి ఇచ్చినాను. ఈ పూట మాత్రం ఇయ్యను. నన్ను నవ్వించు."

ఆమె తెప్పించుకున్నది ఒక దయ్యం నవల. పాత బంగళా కూలగొట్టి అపార్టుమెంటు కడితే రోడ్డున పడిన దయ్యం, మీటరు వేయని యక్షుడి ఆటో ఎక్కి బెంగళూరంతా అద్దె ఇల్లు వెతుక్కుంటూ ఉంటుంది.

ఇక్కడ క్యాలెండరు సంగతి చెప్పాలి. నెల దాటిన కాగితాన్ని, దేవుడి బొమ్మ ఉంది గనక, చెత్తలో వేయలేము. గోడకు ఎన్నని తగిలిస్తాము? అందుకని మా వదిన ఇంటికొచ్చిన ప్రతి పుస్తకానికీ దానితోనే అట్ట వేసేది, బొమ్మ పైకి కనబడేలా. దయ్యం నవల మీద వెంకటరమణస్వామి నిలబడింది అలాగే.

ఒకరోజు దేవనహళ్ళి నుంచి వాళ్ళక్క విభూతి పొట్లం, స్తోత్రాల పుస్తకం పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. నా చేతిలో స్వామిని చూడగానే చెప్పులు పక్కన విడిచి, పుస్తకాన్ని తాకి కళ్ళకద్దుకుంది.

"ఏ అధ్యాయంలో ఉండారప్పా?"

"ఇల్లు వెతికే అధ్యాయంలో అక్కా" అంది వదిన. "చదువప్పా, ఆపొద్దు."

చదివాను. "రాత్రి పదింటికి గేటు వేసేస్తాం" అంటాడు ఇంటి ఓనరు. "గేటుతో నాకు పని లేదండీ" అంటుంది దయ్యం. వాళ్ళక్క చేతులు జోడించుకునే ఉంది.

"పాపం, ఎవరప్పా ఆ స్వామి?"

"దయ్యమండీ."

ఆమె పుస్తకం లాక్కుంది. "నీకు బుద్ధుండాదా? ఇట్లా పడుకోనుండే మనిషికి దయ్యాల కథా?" అని స్తోత్రాల పుస్తకం నా ఒళ్ళో పెట్టింది. నేను వదినకేసి చూశాను. ఆమె ముఖంలో నవ్వు లేదు.

"అక్కా, నా పేరు చెప్పి నువ్వు ఇంట్లో చదువు. పుణ్యం ఎక్కడికీ పోదు. ఈడ మాత్రం నన్ను నవ్వుకోనీ. నాకింకేం మిగిలిండాది?"

వాళ్ళక్క చేతిలోని పుస్తకాన్ని తిప్పి చూసింది. నవలను విసిరేద్దామంటే పైన స్వామి. రెండు చేతులతో నాకే తిరిగిచ్చింది. స్టూలు దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి అడిగింది: "ఇంతకీ, దానికి ఇల్లు దొరికినాదా లేదా?"

వదిన నవ్వు విని నర్సు పరుగెత్తుకొచ్చింది, సూది ఉన్న చెయ్యి కదపొద్దని.

చివరిసారి వెళ్ళినప్పుడు ఆమెకు మాట్లాడే ఓపిక లేదు. కళ్ళు మూసుకుంది. నేను చదువుతున్న చోట దయ్యానికి ఇల్లు దొరికింది, గృహప్రవేశం. పాలు పొంగించబోతే, ఆ పాలు దయ్యాన్ని చూసి విరిగిపోయాయి. అక్కడ ఆగి వదినను చూశాను. ముఖంలో చలనం లేదు. నిద్రపోయిందనుకుని పుస్తకం మూయబోయాను.

దుప్పటి చివర ఆమె కాలివేళ్ళు కదులుతున్నాయి. చెయ్యి కదపకూడదు, ముఖానికి ఓపిక లేదు. నవ్వంతా అక్కడికి దిగింది. నేను చదవడం ఆపానని తెలిసి అవీ ఆగాయి.

మళ్ళీ మొదలుపెట్టాను.