నల్లకాగితం వెనక ట్రంపెట్

మా ఒహాయో కాలేజీలో సంగీతం చదివేవాళ్లు రెండో ఏట ఒక దరఖాస్తు నింపాలి: కచేరీ డిగ్రీయా, టీచరు డిగ్రీయా? గ్రిఫిన్ టీచరు డిగ్రీని కాగితం చిరిగేలా కొట్టేశాడు. ఆ రోజు నుంచి అతని మెడ ఒక అంగుళం పొడుగైంది. పొద్దున్నే తన ట్రంపెట్‌తో వచ్చి సాధన గదుల్లోకెల్లా పెద్దదాన్ని పట్టేస్తాడు. ఎవరూ తొంగిచూడకుండా తలుపు అద్దానికి నల్లకాగితం అంటిస్తాడు. భోజనానికి వెళ్తే కుర్చీ మీద అతని కోటు కాపలా ఉంటుంది. గది అడిగిన మారిబెత్‌తో, "నీది టీచరు డిగ్రీ కదా తల్లీ, పిల్లకాయల చేత బూర ఊదించడానికి ఇంత సాధనెందుకు?" అన్నాడు. పాపం, ఆమె మెట్ల కింద నిలబడి తన ట్రంపెట్ తను ఊదుకునేది.

మొన్న ఆర్కెస్ట్రాతో సోలో వాయించేందుకు పోటీ పెడితే గ్రిఫిన్ కూడా దిగాడు. వాయించేవాళ్ల మొహం కనబడకుండా తెర కట్టి, పేరుకి బదులు నంబరిచ్చి వినడం మావాళ్ల ఆచారం. ఏడో నంబరు గెలిచిందన్నారు. తెర తీస్తే మారిబెత్! "అంత ప్రతిభా బడిపిల్లల పాలేగా!" అని గ్రిఫిన్ తెగ జాలిపడ్డాడు. మర్నాడు మెట్ల కిందకి దిగి, "పై స్వరం దగ్గర నాకు నాదమెందుకు పగులుతోందో కాస్త చెప్పవూ?" అన్నాడు.

ఇప్పుడు పెద్ద గదిలోంచి రోజూ మారిబెత్ గొంతు వినిపిస్తోంది. "భుజాలు దించు. ఆరో తరగతి వాళ్లకీ ఇదే చెప్తా. ఊఁ, మళ్లీ."

అద్దం మీద నల్లకాగితం రెండు పొరలైంది.