తొట్టి మూత

ఒకునో అనే ఇంటిపేరు వాళ్లింట్లో పొద్దు వాలేసరికి స్నానాలగదిలో తొట్టి నిండా వేడినీళ్లు సిద్ధంగా ఉండేవి. బయటే ఒళ్లు రుద్దుకుని, కడుక్కుని, అప్పుడు దిగాలి. అవే నీళ్లలో ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు. లేచొచ్చేటప్పుడు నీళ్లు చల్లారకుండా మూత వెయ్యాలి. మొదటి వంతు మాత్రం ఎప్పుడూ రోసియోదే. చిలీ నుంచి ఏడాది చదువుకి వచ్చిన పిల్ల, అతిథి మరి.

వచ్చిన రోజే ఆ పిల్ల కొంప ముంచింది. స్నానమయ్యాక, తమ ఇంటి అలవాటు కొద్దీ, తొట్టి అడుగున బిరడా లాగేసింది. చేపల రేవు నుంచి అలిసి వచ్చి, భుజాన తువ్వాలుతో నిలబడ్డ ఇంటాయన షూహే ఖాళీ తొట్టి చూసి, "ఫరవాలేదు, ఫరవాలేదు" అని నవ్వాడు. ఆయన తల్లి, తోమి అనే ముసలావిడ, "తప్పు మాదేనండీ, ముందే చెప్పాల్సింది" అని క్షమాపణగా నడుం వంచింది. రోసియోకి తల కొట్టేసినట్టయింది. అదే వాళ్లమ్మయితే ఇల్లు ఎగిరిపోయేలా అరిచి, మరుక్షణం భోజనానికి పిలిచేది.

బళ్లోనూ అదే వరస. "మా భాష ఎంత బాగా మాట్లాడతారండీ!" అని తోటిపిల్లలు మెచ్చుకుని, ఎవరి జట్టులోకి వాళ్లు వెళ్లిపోయేవారు. మర్యాద చేసి చేసి మనిషిని ఒంటరిని చెయ్యడం అంటే ఇదే.

ఇంట్లో తోమి తిట్లన్నీ మనవరాలు చిహారుకే. "దీపం ఆర్పవేం? చెప్పులు విడిచే తీరు అదేనా? నీ తలకాయలో ఏముందే, మట్టా?" చిహారు మూతి తిప్పుకుని పోయేది. గోడకవతల రోసియో ఆ తిట్లు ఆశగా వినేది. తను పళ్లెం కడగబోతే, "అయ్యో, మీరు కూర్చోండి." కూర్చునేది. గదిలో ఒక్కతే కూర్చుని, ఏడుపొస్తే దిండులో మొహం దాచుకునేది.

చలికాలంలో ఒకరోజు జలుబు చేసి స్నానం వద్దంది. కాసేపటికి వణుకు ఆగక, ఎవరికీ చెప్పకుండా వెళ్లి తొట్టిలో దిగి వచ్చింది. వంటింట్లో తోమి అటు తిరిగి ముల్లంగి తరుగుతోంది.

"ఏమే! మళ్లీ మూత వెయ్యకుండా వచ్చావా? ఆవిరి ఇక్కడిదాకా కొడుతోంది. నీ వెనకాల స్నానం చేసేవాళ్లు మనుషులు కారా?"

వెనక్కి తిరిగింది. చేతిలో కత్తి బల్లమీద పెట్టేసింది.

"అయ్యయ్యో, మీరా! చిహారు అనుకున్నానండీ. క్షమించండి, క్షమించండి."

అంతవరకూ వెలిగిన రోసియో మొహం వాడిపోయింది. కళ్లు ధారలు కట్టాయి.

"క్షమాపణ వద్దు నాయనమ్మా. ఆ తిట్టు నాకే ఉంచండి."

తోమి చేతులు తుడుచుకుంది.

"ఏడుస్తూ నిలబడితే మూత దానంతటదే వచ్చి పడుతుందా? మీ నాన్న వచ్చే వేళయింది. వెళ్లవే!"

రోసియో పరుగందుకుంది.

"తడికాళ్లతో పరిగెత్తకు!" అని వెనక నుంచి ఇంకో తిట్టు వినిపించింది.