గంగాళం కింద పరుపు

మా పెద్దమ్మ ముప్ఫై ఏళ్ళు గుర్రాల కింద ఉచ్చ ఎత్తిపోసి బతికింది. ఆవిడ గురించి ఇలా మొదలుపెడితే మా బంధువుల్లో కొందరు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనివ్వండి. ఇంట్లో ఏ వేడుక జరిగినా ఆవిడ పక్క కుర్చీలో కూర్చోవడానికి తటపటాయించింది వాళ్ళే. వాళ్ళకి నచ్చేలా రాయాలంటే "మూగజీవాలకు సేవలందించారు" అనాలి. ఆవిడ సేవలూ గీవలూ అందించలేదు. పార పట్టుకుని తడి ఎత్తింది, పొడి పరిచింది.

ఊరి చివర గుర్రపు స్వారీ నేర్పే బడి ఒకటి ఉండేది. పన్నెండు గుర్రాలు, పన్నెండు గదులు, మధ్యలో రాళ్ళు పరిచిన ఆవరణ. నేను అక్కడే ఆఫీసు గదిలో, స్వారీకి వచ్చే పిల్లల పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చునేదాన్ని. ఆ ఉద్యోగం పెద్దమ్మ అడిగి ఇప్పించిందే. గుర్రపుశాలలో ఆవిణ్ణి అందరూ మొండిఘటం అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడ పలికేది కూడా.

పన్నెండో గదిలో గంగాళం ఉండేది. ఇరవై ఏళ్ళు దాటిన గోధుమరంగు ఆడగుర్రం. మిగతావి రోజుకి రెండు బకెట్లు తాగితే ఇది ఆరు తాగేది, తాగింది తాగినట్టు పోసేది. ఆ పేరు అలా వచ్చిందే. పొద్దున తలుపు తీస్తే కళ్ళు మండిపోయేవి. పరిచిన గడ్డి ముద్దయిపోయి, దాని కింద మడుగు కట్టి, గుర్రం ఆ మడుగులోనే నిలబడి ఉండేది. గిట్టలు మెత్తబడి కంపు కొట్టేవి. పెద్దమ్మ రోజూ ఒక్కో కాలు ఎత్తి, గిట్ట తుడిచి, "తప్పు మాదేనే తల్లీ" అని దానికి చెప్పుకునేది. ఆవిడ ఏ మనిషికైనా ఆ మాట చెప్పగా నేను వినలేదు.

పశువుల డాక్టరమ్మ వచ్చి దాని రక్తం తీసుకెళ్ళి పరీక్ష చేయించింది. మళ్ళీ వచ్చి మేనేజరు ముందే చెప్పింది: "వయసు మీద పడి దీని తలలో ఒక గ్రంథి అదుపు తప్పింది. దాహం అందుకే. మందు రాస్తాను, దాణాలో కలిపి పెట్టండి. నీళ్ళు మాత్రం ఒక్క పూట కూడా తగ్గించొద్దు. తగ్గిస్తే పేగుల్లో మేత గట్టిపడిపోయి చచ్చిపోతుంది."

మేనేజరు చెడ్డవాడని అనను. అనాలనే ఉంది, అయినా అనను. ఆయనకి గుర్రం ముందువైపు మాత్రమే తెలుసు, అంతే. పిల్లల తల్లిదండ్రులు ముక్కు మూసుకుంటున్నారు, నెలాఖరుకి యజమాని చూడటానికి వస్తున్నాడు. డాక్టరమ్మ అలా వెళ్ళిందో లేదో పెద్దమ్మని పిలిచాడు.

"రేపటి నుంచి దానికి రెండే బకెట్లు. తాగితేనే కదా పోసేది."

"ఆవిడ చెప్పింది మీరూ విన్నారు కదా బాబూ."

"డాక్టర్లు అలాగే చెప్తారు. గది ఊడ్చేది వాళ్ళా?"

"ఊడ్చేది నేను. నేనేమైనా అన్నానా? నీళ్ళు ఎక్కువ కాలేదు, కింద పరిచింది పనికిరాదు. గడ్డి తడిని పట్టుకోదు, కిందికి జార్చేస్తుంది. అది మారుద్దాం."

"ముప్ఫై ఏళ్ళుగా గడ్డే వేస్తున్నాం."

"ముప్ఫై ఏళ్ళుగా తప్పే చేస్తున్నాం."

ఆయన లేచి బయటికి నడిచాడు. పన్నెండో గది పక్కనున్న కుళాయికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. దాంతో ఆ సంగతి తేలిపోయిందనుకున్నాడు.

మర్నాటి నుంచి పెద్దమ్మ ఆవరణకి అవతలి కొసన, పిల్లల బూట్లు కడిగే కుళాయి దగ్గర నీళ్ళు పట్టేది. పట్టపగలు, ఆఫీసు కిటికీ ముందు నుంచే బకెట్ మోసుకెళ్ళేది. రోజుకి ఆరుసార్లు. మేనేజరు కుర్చీ అటువైపు తిరిగి ఉండేది, పైగా కంపుకి జడిసి ఆయన పన్నెండో గది ఛాయలకే వెళ్ళేవాడు కాదు. నేను చూసేదాన్ని. చూసి తల దించుకుని పేర్లు రాసుకునేదాన్ని. నాకు భయం. ఆవిడకి లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆవిడ ఐదు పాత బేసిన్లు వరసగా పెట్టింది. ఒకదాంట్లో గడ్డి, ఒకదాంట్లో ఊక, ఒకదాంట్లో రంపపు పొట్టు, ఒకదాంట్లో వడ్రంగి చెక్కని చిత్రిక పడితే రాలే పొట్టు. ఐదోదాంట్లో చెక్కపొడిని గట్టిగా నొక్కి చేసిన గుళికలు. వాటిని ఊళ్ళో లాండ్రీ బాయిలర్‌లో మండిస్తారు. అక్కడి బాయిలరు మనిషి చిరిగిన బస్తాల్లోవి ఊరికే ఇచ్చాడట.

"నీళ్ళు తేనా పెద్దమ్మా?" అన్నాను.

"నీళ్ళతో చూస్తే నీళ్ళ సంగతే తెలుస్తుందే. నాకు కావలసింది దాని సంగతి." కర్రకి బకెట్ కట్టి, గంగాళం వెనక ఓపిగ్గా నిలబడి, పట్టాల్సింది పట్టుకొచ్చింది. ఐదింటిలోనూ గ్లాసుతో కొలిచి పోసింది. కాసేపు ఆగి ఒక్కొక్కటీ బోర్లించింది. గడ్డిలో పోసింది పోసినట్టే కారిపోయింది. ఊక కూడా అంతే, తడి దాన్ని అంటుకోకుండానే జారింది. రంపపు పొట్టు బాగానే పీల్చింది గానీ, పిడికెడు ఎగరేస్తే మాకే దగ్గొచ్చింది, ముసలి గుర్రం ఊపిరితిత్తులు ఏం కావాలి? చిత్రిక పొట్టు సగం పట్టింది, సగం వదిలింది. గుళికల బేసిన్ బోర్లిస్తే చుక్క రాలేదు. అవి ఉబ్బి, విచ్చుకుని, పొడిపొడిగా కూర్చున్నాయి. ఆవిడ గుప్పెడు తీసి పిండింది, వాసన చూసింది, నా ముక్కు దగ్గరా పెట్టింది. నాకు నచ్చలేదు గానీ, చెక్క వాసనే వచ్చింది.

గదంతా కడిగి, ఆరబెట్టి, గుళికలు జానెడు మందాన పోసి, వాటి మీద నీళ్ళు చల్లింది. స్వారీ నేర్పే మాస్టారు చూసి పడీపడీ నవ్వాడు. "తడి పోవడానికి నీళ్ళు చల్లుతున్నావా మొండిఘటం?"

"గుళిక ఎండితే గులకరాయే మాస్టారూ. కాస్త తడిస్తే విచ్చుకుంటుంది, విచ్చుకుంటేనే పీలుస్తుంది." మొదటి రోజు నీళ్ళు ఎక్కువై జావైపోయింది. మాస్టారు మళ్ళీ నవ్వాడు. ఆవిడ మొత్తం ఎత్తిపోసి మళ్ళీ పరిచింది. ఈసారి కుదిరింది. పైన మెత్తగా ఉండటానికి చిత్రిక పొట్టు వేసింది. గంగాళం ఎంత పోసినా తడి అక్కడికక్కడే గడ్డకట్టేది. పొద్దున ఆ గడ్డ వరకే తీసి, కొత్త గుళికలు వేస్తే సరిపోయేది. నాలుగోరోజు నేను వెళ్ళేసరికి గంగాళం పడుకుని ఉంది. నేను అక్కడ చేరిన మూడేళ్ళలో అది పడుకోవడం నేను చూడలేదు. మడుగులో ఎవరు పడుకుంటారు? నాకు ఏడుపొచ్చింది.

నెలాఖరుకి యజమాని వచ్చాడు. పన్నెండో గది తలుపు తీయించి, లోపలికి అడుగుపెట్టి, గట్టిగా ఊపిరి పీల్చాడు.

"కంపేది? ఏం చేశారు?"

"నీళ్ళు తగ్గించామండీ. కుళాయికి తాళం వేసి రోజుకి రెండు బకెట్లే ఇస్తున్నాం," అన్నాడు మేనేజరు. అబద్ధమాడలేదు, పాపం అదే నిజమని నమ్మాడు.

"భేష్. అయితే అన్నిటికీ తగ్గించెయ్యండి. చాకిరీ కలిసొస్తుంది."

అప్పుడే పెద్దమ్మ బకెట్‌తో వచ్చింది. నోరు మూసుకుని ఉంటే ఆవిడ ఉద్యోగానికి ఢోకా లేదు. గంగాళానికి నీళ్ళూ అలాగే మేనేజరుకి తెలియకుండా నడిచిపోయేవి. మిగతా పదకొండిటికీ మాత్రం గొంతు ఎండేది. ఆవిడ బకెట్ యజమాని కాళ్ళ దగ్గర దించింది.

"తాళం వేసింది నిజమే అయ్యా. నీళ్ళు మాత్రం తగ్గలేదు. రోజుకి ఆరు బకెట్లు నేనే మోస్తున్నాను. ఇది నాలుగోది."

మేనేజరు ఒంటికాలి మీద లేచాడు. "వద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు. అయినా పోశాను. ఈ గది ఆరింది నీళ్ళు ఆపినందుకు కాదు, పరుపు మార్చినందుకు."

ఆరు బకెట్లు తాగే గుర్రం కింద ఇంత పొడిగా ఉంటుందా అని యజమాని పెదవి విరిచాడు. శాలలో పనిచేసేవాళ్ళకి ఒక విద్య తెలుసు: గుర్రం వెనక సన్నగా ఈల వేస్తే అది ఉచ్చ పోస్తుంది. పెద్దమ్మ ఈల వేసింది. గంగాళం వెనక కాళ్ళు ఎడంగా పెట్టి మొదలుపెట్టింది. అది ఎంతకీ ఆపలేదు. యజమాని రెండడుగులు వెనక్కి వేశాడు. అది ముగించి, తీరిగ్గా సగం బకెట్ తాగేదాకా ఆగి, పెద్దమ్మ వెళ్ళి సరిగ్గా ఆ చోటనే చతికిలబడింది. కాసేపు కూర్చుని, లేచి, వెనక్కి తిరిగి ఆయనకి బట్టలు చూపించింది. అరచేతిలో సగమంత చెమ్మ. అంతే.

"నేను కూర్చోలేని చోట దాన్ని ఎలా పడుకోమంటాను?" అంది.

ఎవరూ నవ్వలేదు. నీళ్ళు తగ్గించే మాట యజమాని వెనక్కి తీసుకున్నాడు, గుళికలే వాడమన్నాడు. కానీ మేనేజరు మొహం చూశాక, "ఆయన మాట కాదన్నావు కదా, అందరి ముందూ తప్పయిందని చెప్పు," అన్నాడు.

"చెప్పను."

"అయితే వారం రోజులు గేటు లోపలికి రావద్దు."

"రాను. ఈ బకెట్ ఎవరు నింపుతారో చెప్పండి, వెళ్తాను."

మాస్టారు తన బూట్లు చూసుకున్నాడు. మేనేజరు జేబులో తాళంచెవి తడుముకున్నాడు. "నేను నింపుతాను పెద్దమ్మా" అన్న గొంతు నాదేనని నాకు తెలిసేసరికి అందరూ నావైపు చూస్తున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ గేటు బయట నిలబడింది. లోపలికి రావద్దన్నారు గానీ బయట నిలబడొద్దని ఎవరూ అనలేదు. ఆవరణ మొత్తం వినపడేలా, "బకెట్ నిండుగా ఉందా?" అని అరిచింది. "ఉంది పెద్దమ్మా!" అని నేను అరిచాను. పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, అందరూ విన్నారు. ఆరు రోజులు అలాగే అరుచుకున్నాం. మేనేజరు ఆఫీసు తలుపు వేసుకునేవాడు.

ఏడోరోజు నేను వెళ్ళేసరికి బకెట్ లేదు. మేనేజరే దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ప్యాంటు తడుపుకుంటూ గేటు వైపు వెళ్తున్నాడు. కడ్డీల ముందు దించాడు.

"నిండుగానే ఉందమ్మా. నువ్వే చూసుకో."

పెద్దమ్మ వంగి చూసింది.

"అడుగున నాచు పట్టింది. కడిగి పొయ్యండి."

ఆయన నావైపు చూశాడు. నేను పీచు అందించాను.