పుట అడుగున పెద్దమ్మ పేరు

మొన్న మల్కాజ్‌గిరిలో మా మనవరాలు తన ఎం.ఏ. వ్యాసానికి ఫుట్‌నోట్లు పెట్టుకుంటూ, మనుషులు నోటితో చెప్పిన మాటను ఎలా చూపించాలా అని కంప్యూటర్‌లో వెతికితే, దానికంటూ ఒక పద్ధతి వెంటనే తెర మీదికి వచ్చింది. పేరూ ఊరూ తేదీ నింపేసి అది కాఫీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది గాని, నేను అక్కడే కూర్చుండిపోయాను. ఆ ఒక్క వరుస కోసం నేను పడిన అవస్థ టైపు మిషన్ల కాలం నాటివాళ్ళకైతే అర్థమవుతుంది.

కంటోన్మెంటులో సైనికుల బట్టలు కుట్టిన దర్జీ కుటుంబాల మీద నేను పరిశోధన చేస్తున్నప్పుడు, దొరికిన పుస్తకాల్లో బట్టల సంగతి ఉంది తప్ప కుట్టినవాళ్ళ సంగతి లేదు. బొల్లారంలో ఒక ముస్లిం పెద్దమ్మ ఉండేది, చిన్నతనంలో వాళ్ళ నాన్న పక్కన కూర్చుని కోట్లకు కాజాలు కుట్టిన మనిషి. ఆదివారం చర్చి అయ్యాక నేను వెళితే, మందపు ఖాకీ గుడ్డలో సూది దిగక వేళ్ళు ఎలా వాచేవో, ఇంట్లో ఆడవాళ్ళంతా కుట్టినా పేరు మగవాళ్ళకే ఎలా వచ్చేదో చెప్పేది. నా అధ్యాయం ఆ మాటల మీదే నిలబడింది. మా గైడు గారు చదివి, ఫుట్‌నోట్ అంటే రచయిత, పుస్తకం, పేజీ ఉండాలని, పేజీ లేని మాటను పరీక్షకులు ఒప్పుకోరని, ఆమె పేరున్న చోటల్లా ఎర్రసిరాతో కొట్టేశారు. ఆయన చెడ్డవారు కారు; ఒకప్పుడు తన సిద్ధాంత గ్రంథమే ఇలాంటి లోపాలతో వెనక్కి వచ్చిందట, నాకూ అదే గతి పడుతుందని ఆయన భయం.

దాచలేక ఆ సంగతి పెద్దమ్మకు చెప్పేశాను. ఆమె కోపగించుకోలేదు.

“నేను జెప్పింది అబద్ధమనుకుంటున్నడా మీ సారు? ఓసారి తోల్కరా బిడ్డా, ఆయ్నకు సుత చెప్త,” అంది.

ఆయన వస్తారనుకోలేదు. వచ్చారు. బస్సు దిగి, ఇస్త్రీ చొక్కాతో ఆ ఇరుకు వరండాలో చాప మీద కూర్చున్నారు. మొదట్లో పరీక్ష పెడుతున్నట్టే ప్రశ్నలు వేశారు; చాయ్ చల్లారేసరికి అడగడం మానేసి వింటున్నారు. వెళ్ళబోతూ ఆమె పూర్తి పేరు కనుక్కుని, ఫుట్‌నోట్ తానే రాసి నా చేతిలో పెట్టి, పరీక్షకులకు జవాబు తాను చెప్పుకుంటానన్నారు. వాళ్ళు అడగనే లేదు.

బైండు చేయించిన గ్రంథం తీసుకువెళ్ళి ఆ వరుస చూపిస్తే, చదువురాని పెద్దమ్మ దాని మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

“గింత చిన్నగ రాసిన్రేంది?” అంది.

ఫుట్‌నోట్ అలాగే రాస్తారని చెప్పాను గాని, చెబుతుంటే నాకే బాగనిపించలేదు.

ఇప్పుడు ఆమె లేదు, గైడు గారూ లేరు. నోటి మాటకు పుటలో చోటిమ్మని ఈ రోజుల్లో ఎవరూ ఎవరినీ బతిమాలనక్కర్లేదు, అది మంచిదే. అయితే శిష్యురాలు రాసింది నమ్మాలో వద్దో తేల్చుకోవడానికి ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అభిప్రాయం మార్చుకుని వెళ్ళే గురువులు మాత్రం ఈమధ్య నాకెక్కడా కనబడటం లేదు.