నెవడాలో బంగాళాదుంపలు

కోవిడ్‌కి ముందు ఏడాది. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఇన్‌ఫ్యూజన్ నర్సుగా అప్పటికి నాకు పదకొండేళ్ల సర్వీసు. కాన్సర్ పేషెంట్లను కుర్చీలో కూర్చోబెట్టి, సెలైన్ పెట్టినట్టే నరంలోకి మందు ఎక్కించడం మా పని. మూడు నాలుగు గంటలు పడుతుంది. అంతసేపూ పక్కనే తిరుగుతుంటాం కాబట్టి డాక్టర్లకు చెప్పనివి కూడా మాకు చెబుతారు.

హెరాల్డ్ గారికి ఎనభై దాటాయి. పేర్లు మార్చాను లెండి. స్కూల్ బస్సుల మెకానిక్‌గా రిటైరయ్యారు. జబ్బు మల్టిపుల్ మైలోమా, అంటే ఎముకల మూలుగలో వచ్చే కాన్సర్. మొదటి రోజు ఇన్‌టేక్ చేస్తాం. పాత జబ్బులు, అలవాట్లు, చేసిన ఉద్యోగాలు అన్నీ అడిగి రాసుకోవడం అన్నమాట. అందులో ఎక్స్‌పోజర్ హిస్టరీ అని ఒక భాగం ఉంటుంది. ఎప్పుడైనా విషపు రసాయనాలకుగానీ రేడియేషన్‌కుగానీ దగ్గరగా ఉన్నారా అని అడగాలి.

నేను గుంటూరులో ట్రైనింగ్ అయినదాన్ని. అక్కడ పేషెంటుని అడిగితే పక్కనున్నవాళ్లు జవాబు చెబుతారు, మనం రాసుకుంటాం. ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయినా నాకు ఆ అలవాటు పోలేదు. ఆ రోజూ జవాబులన్నీ ఆయన భార్య డోరతీ గారే చెప్పారు.

"ఆర్మీలో రెండేళ్లు చేశాడు హనీ. నెవడాలో కూర్చుని బంగాళాదుంపల తొక్క తీశాడు. అంతకంటే ఏం వెలగబెట్టలేదు!"

ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. నేను 'ఏమీ లేదు' అన్న గడిలో టిక్కు పెట్టేశాను.

మూడోసారి వచ్చినప్పుడు డోరతీ గారు కాఫీకని కిందికి వెళ్లారు. ఆయన తలుపు వైపు ఓసారి చూసి, "ఆ ఫారం ఎవరెవరు చూస్తారు?" అన్నారు.

"డాక్టర్, మేము. ఎందుకండీ?"

"నేను చెబితే నీ మీద కూడా కేసు పెడతారేమో. నీకు సిటిజన్‌షిప్ వచ్చిందా?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

ఆయన చెప్పింది ఇదీ. జపాన్ మీద బాంబు వేసి ఆ పెద్ద యుద్ధం ముగించాక, అమెరికాకి రష్యాతో పోటీ మొదలైంది. అణుబాంబు పడ్డాక కూడా సైన్యం నిలబడి పోరాడగలదా అని చూడాలనుకున్నారు. పందొమ్మిదేళ్ల హెరాల్డ్ గారిని, ఆయనతోటివాళ్లని నెవడా ఎడారిలో కందకంలో కూర్చోబెట్టి నిజం బాంబే పేల్చారు. తర్వాత అటువైపే నడిపించారు.

"తిరిగొచ్చాక చీపుర్లతో బట్టల మీద దుమ్ము దులిపారు. అంతే. ఎవరికి చెప్పినా జైలే అని సంతకం పెట్టించుకున్నారు. పెళ్లాంతో కూడా చెప్పకూడదన్నారు."

మళ్లీ తలుపు వైపు చూసి, "డోరతీకి మూడుసార్లు కడుపు పోయింది. అది నా వల్లేమో. పోయేలోపు చెప్పాలని ఉంది. కానీ ఈ వయసులో నన్ను జైల్లో పెడితే తననెవరు చూసుకుంటారు?" అన్నారు.

అయ్యో అనుకున్నాను. ఆ వెంటనే ఒళ్లు మండింది, ముందు నా మీదే. ఆ ప్రశ్న ఆయన్ని నేరుగా అడిగితే కదా ఏదైనా చెప్పేది!

పేషెంటు పేరు చెప్పకుండా మా సోషల్ వర్కర్‌ని అడిగాను. ఆమె ఓ కాగితం ప్రింట్ తీసి ఇచ్చింది. ఆ నిబంధనను తొంభైల్లోనే ఎత్తేశారు. అంటే ఇరవై ఏళ్లకు పైగా ఆ మనిషి లేని చట్టానికి భయపడి నోరు మూసుకున్నాడు. కాగితం తీసుకెళ్లి ఇస్తే ఆయన రెండుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"ఆ ఆర్మీవాళ్లు మాకు ఓ పోస్టుకార్డు ముక్క రాసి ఉండొచ్చుగా," అన్నారు.

మరుసటి వారం ఇద్దరూ వచ్చారు. డోరతీ గారు ఎప్పటిలా ఆయన పక్కన కూర్చోలేదు, గోడ దగ్గర కూర్చున్నారు. ఆయన చెప్పేశారని నాకర్థమైంది. నేను మందు కనెక్ట్ చేస్తుంటే ఆవిడ ఉన్నట్టుండి అడిగారు.

"ఆ బాంబు వల్లేనా నా పిల్లలు పోయింది?"

"నేను డాక్టర్ గారిని అడిగానండీ, ఖచ్చితంగా చెప్పలేమన్నారు."

 ఆవిడ, "మొదటిసారి నాకు అయిదో నెల. బిడ్డ గదికి రంగు వేద్దామని నిచ్చెన ఎక్కాను. ఆ సాయంత్రమే పోయింది. నేనే చంపుకున్నానని అనుకున్నాను. ఇప్పటికీ బల్బు మార్చాలన్నా పక్కింటివాళ్లని పిలుస్తాను," అన్నారు.

నేను మందు గొట్టం సరిచేస్తుంటే ఆవిడే మళ్లీ అడిగారు.

"అయితే నిచ్చెన వల్లే అని కూడా ఖచ్చితంగా చెప్పలేరుగా?"

"చెప్పలేరండీ," అన్నాను.

ఆవిడ లేచి, కుర్చీని ఆయన పక్కకి లాక్కున్నారు. "బంగాళాదుంపలట, బంగాళాదుంపలు!" అని ఆయన చేతి మీద ఒక్కటిచ్చి, ఆ చేతిని అలాగే పట్టుకున్నారు.

నేను ఆ రోజే ఫారం తెరిచి నా టిక్కు తీసేసి, ఆయన చెప్పినదంతా రాశాను. అప్పటినుంచీ ఎవరి ఇన్‌టేక్ చేసినా, ఇంట్లోవాళ్లని పది నిమిషాలు కాఫీకి పంపి, ఆ ఒక్క భాగం పేషెంటునే అడుగుతున్నాను. మన తెలుగువాళ్లయితే మరీ విసుక్కుంటారు, ఆయనకేం తెలుసండీ, నన్నడగండి అంటారు. కింద మెషీన్ కాఫీ అస్సలు బాగోదని కూడా అంటారు. నిజమే, బాగోదు. అయినా పంపిస్తాను.